తెల్లవారితే గురువారం

ఎలమంచిలి,
10 జూన్ 2024.

చిరంజీవి ఉదయ్‌కుమార్‌కి మేనత్త కాంతం ఆశీస్సులు.

చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని ముఖం చిట్లించకు. ఫోన్ చేస్తే "షూటింగులో ఉన్నానత్తా" అని పెట్టేస్తావు. ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసులో ఊరందరి ఉత్తరాల మీదా తేదీ ముద్ర కొట్టి రిటైరైనదాన్ని. నా ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయడం నీ వల్ల కాదు.

విషయం మా జ్యోతిర్మయిది. జయంత్ దాన్ని వదిలేసి రెండేళ్ళయింది. భరణం కోసం విశాఖపట్నం కోర్టులో కేసు వేశాం. దానికి ఆ మహానుభావుడు ఇచ్చిన జవాబేమిటో తెలుసా? అసలు పెళ్ళే జరగలేదట. కొన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారట, అంతేనట. మరి ఆ ఆరువందల విస్తళ్ళలో తిన్నది ఎవరో. పోర్టులో ఏ ఓడలోంచి ఎన్ని టన్నుల బొగ్గు దిగిందో చెప్పగలడు గాని, తన చేత్తో కట్టిన తాళి ఒక్కటి గుర్తు లేదు పాపం.

పురోహితుడు కాలం చేశాడు. పెళ్ళి రిజిస్టరు చేయించలేదు. చుట్టాల మాట కోర్టులో చుట్టాల మాటే అవుతుందని, తాళి కడుతున్న ఫోటోలు ఉంటే తప్ప కేసు నిలవదని లాయరు గారు అన్నారు. నువ్విచ్చిన పెన్‌డ్రైవు చెరిపేసి, అల్లుడు దాన్లో సినిమా పాటలు ఎక్కించుకుని కారులో పెట్టుకున్నాడు. ఆల్బమంటావా, నువ్వు వేసిచ్చిన పాపాన పోలేదు.

నీ దగ్గర ఎలాగూ ఊరికే పడి ఉంటాయి. పెళ్ళి 2016 ఫిబ్రవరి 24న. ఓ నొక్కు నొక్కి పంపించు. దానికి సన్మానాలవీ అక్కర్లేదనుకుంటాను.

ఇట్లు,
కాంతం
సబ్ పోస్ట్‌మాస్టర్ (రిటైర్డ్)


మధురవాడ,
19 జూన్ 2024.

శ్రీమతి కాంతం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. జ్యోతి సంగతి చదివి చాలా బాధపడ్డాను. జయంత్ గురించి నాకు తోచిన మాట స్టూడియో లెటర్‌హెడ్ మీద రాయదగ్గది కాదు.

"ఊరికే పడి ఉంటాయి" అని రాశారు. ఇక్కడ ఏదీ ఊరికే పడి ఉండదు. ప్రతి పెళ్ళీ రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంటుంది. ఒకటి స్టూడియోలో, ఇంకొకటి భీమిలిలో అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య. ఆ ఉప్పుగాలికి తలుపు గొళ్ళాలే తుప్పు పట్టిపోతున్నాయి, ఇక డిస్కులెంత. ఆరు నెలలకోసారి ఒక్కొక్కటీ తిప్పి చూసుకోవాలి. నాలుగేళ్ళకోసారి అంతా కొత్త డిస్కుల్లోకి ఎక్కించాలి. హుద్‌హుద్ తుఫానులో పదకొండు పెళ్ళిళ్ళు తడిసి పాడైపోతే, పదకొండు ఇళ్ళకి వెళ్ళి తల దించుకుని నిలబడి నేర్చుకున్న పద్ధతి ఇది. అందుకే ఏడాది దాటిన ఫోటోలు తీసివ్వడానికి మూడు వేల ఐదు వందలు తీసుకుంటాను. అందరికీ ఒకటే రేటు.

ఆల్బం సంగతి కూడా రాశారు. నాలుగు వేల రెండు వందల ఫోటోల్లోంచి మూడు వందలు ఎంచి నంబర్లు పంపమన్నాను. ఎనిమిదేళ్ళయింది. మీ ఆడపడుచు ఫోటోలు ఎన్ని ఉండాలో తేలలేదని ఒకసారి, శూన్యమాసమని ఒకసారి అన్నారు. డబ్బిచ్చి తీయించుకున్నవాళ్ళు నెల తిరక్కుండా పంపుతారు. మీ ఇంటి పెళ్ళి నేను ఊరికే తీశాను. ఊరికే తీసినవాడికి బ్యాండువాళ్ళు కూడా లేచాక ఆఖరి బంతిలో ఆకు వేశారు, అడుగున మిగిలిన సాంబారు పోశారు. అందుకని ఈసారి ఊరికే చేయదలుచుకోలేదు.

ఫారం జత చేశాను. పెళ్ళి తేదీ స్పష్టంగా నింపండి. మా స్టూడియోలో పనిచేసే శ్రీసత్య వెతుకుతుంది.

భవదీయుడు,
ఉదయ్‌కుమార్


ఎలమంచిలి,
27 జూన్ 2024.

మహారాజశ్రీ ఫోటోగ్రాఫరు గారి దివ్య సముఖానికి,

"మీరు" అట! "శ్రీమతి కాంతం గారు" అట! నీకు బొడ్డూడని నాడు నా ఒళ్ళో ఎన్ని చీరలు తడిపావో వాటికి కూడా రేటు వేసి పంపమంటావా?

ముఖాలు మావి, పెళ్ళి మాది, పూలు మావి, కరెంటు మాది. వాటిని నువ్వు డబ్బాలో పెట్టి బీరువాలో దాస్తే అద్దె మేం కట్టాలా? కుండలో ఉన్న అన్నం పెట్టడానికి గరిటె ఖర్చు అడిగినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. అడ్రసు సరిగ్గా లేని కార్డు ముక్క పట్టుకుని నేను ఎండలో వీధి వీధీ తిరిగి ఇచ్చిన రోజులున్నాయి. వెతికినందుకు కాఫీ నీళ్ళు కూడా పుచ్చుకోలేదు.

ఇది డిస్కుల గురించి కాదని నాకు తెలుసులే. మీ నాన్న, మా గురువులన్నయ్య, జ్యోతిని నీకు అడిగినప్పుడు, మెళ్ళో కెమెరా తగిలించుకుని పెళ్ళిళ్ళ వెంట తిరిగేవాడికి పిల్లనివ్వనన్నాను. అన్న మాట నిజమే. సీజను దాటితే నీ ఇంట్లో పొయ్యి వెలగదని భయపడ్డాను. అందుకని ఉద్యోగస్తుడికి ఇచ్చాను. ఆ ఉద్యోగస్తుడి నిర్వాకం ఇలా ఏడిచింది గనక, ఇప్పుడు తీరిగ్గా వసూలు చేసుకుంటున్నావు.

ఫారం నింపాను. పెళ్ళి తేదీ 24-02-2016. నా సర్వీసులో ఒక్క తేదీ తప్పు వేసిన రోజు లేదు, కాబట్టి రెండోసారి అడగక్కర్లేదు. మూడు వేల ఐదు వందలకు చెక్కు కూడా పెట్టాను. దాంతో ఒక మంచి సాంబారు గిన్నె కొనుక్కో.

అద్దెకున్న అత్త,
కాంతం


మధురవాడ,
15 జూలై 2024.

కాంతం గారికి,

మీరు రాసిన తేదీ ఫోల్డరులో జ్యోతి పెళ్ళి లేదు.

శ్రీసత్య రెండు డిస్కులూ చూసింది. నా దగ్గరికొచ్చి, "అన్నా, 24 తారీకులో ఆ పెళ్ళికూతురు నేదు. భీమిలి ఎల్లారావు గారమ్మాయి పెళ్ళుంది. నాను రెండుసార్లు సూసేను" అంది. మా దగ్గర ఫోల్డర్లు పేర్లతో కాదు, తాళి పడిన తేదీతో ఉంటాయి. సీజనులో ఒక్క రాత్రి రెండు మూడు పెళ్ళిళ్ళు తీస్తాం, ఇంటిపేర్లు కలిసిపోతాయి. అందుకని కెమెరా గడియారంలో తాళి ఏ రోజు పడితే ఆ తేదీనే వేస్తాం.

మీది దొరకలేదు కాబట్టి చెక్కు తిప్పి పంపుతున్నాను. దొరకనిదానికి డబ్బు తీసుకునే అలవాటు మా స్టూడియోకి లేదు.

ఉదయ్‌కుమార్


ఎలమంచిలి,
22 జూలై 2024.

ఉదయ్‌కి,

చెరిపేశావు. ఆ ఒక్క మాట రాయడానికి ధైర్యం చాలక ఫోల్డర్లూ గడియారాలూ అని ఇంత కథ రాశావు. భీమిలి ఎల్లారావు గారమ్మాయి పెళ్ళి భద్రంగా ఉంది, నీ సొంత మేనత్త కూతురి పెళ్ళి మాత్రం గాలికి పోయింది! నమ్మడానికి నేను నిన్న పుట్టలేదు.

నా మీద కోపముంటే నన్ను తిట్టు. నాలుగు వీధులు వినేలా తిట్టు. దాని బతుకు మీద పెట్టకు. వచ్చే వాయిదాలోగా పెళ్ళి జరిగినట్టు రుజువు చూపించకపోతే, ఆరేళ్ళు కాపురం చేసిన పిల్ల ఎవరికీ ఏమీ కానిదై కోర్టులోంచి బయటికి రావాలి. అప్పుడు భరణం మాట అటుంచు, ఈ ఊళ్ళో దానికి ముఖం ఉంటుందా? నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

అది మాత్రం నిన్ను వెనకేసుకొస్తోంది. "బావ అలాటోడు కాడమ్మా. నువ్వే ఏటో తప్పు రాసుంతావు" అంటోంది. నేను! తప్పు రాయడం!

ఇదిగో, శుభలేఖ పంపుతున్నాను. ఇంట్లో మిగిలింది ఇదొక్కటే, పోగొట్టకు. కళ్ళు తెరిచి తేదీ చూసుకో. చెక్కు కూడా తిరిగి పంపుతున్నాను. దొరికేదాకా నువ్వు వెతుకుతూనే ఉండాలి, అది జీతమనుకో.

కాంతం


మధురవాడ,
2 ఆగస్టు 2024.

అత్తా,

దొరికింది.

శుభలేఖ కళ్ళు తెరిచే చూశాను. దాని మీద ఏముందో నువ్వు కూడా ఒకసారి విను. "24-02-2016 బుధవారం రాత్రి గం. 2.41 ని.లకు (తెల్లవారితే గురువారం)". రాత్రి రెండు గంటల నలభై ఒక్క నిమిషానికి కెమెరా లెక్కలో బుధవారం వెళ్ళిపోయి రెండున్నర గంటలు దాటింది. ఫోల్డరు 25వ తేదీలో ఉంది. రెండు డిస్కుల్లోనూ ఉంది. ముప్పై రెండేళ్ళు తేదీ ముద్ర కొట్టిన మనిషివి, అర్ధరాత్రి దాటితే ముద్రలో అంకె మారుతుందని నేను నీకు చెప్పాలా?

సరే, నా తప్పు కూడా రాస్తాను. శ్రీసత్యకి పెళ్ళిళ్ళ ముహూర్తాల గొడవ తెలియదు. ఫారంలో ఏది ఉంటే అది వెతుకుతుంది. నేను చూసి ఉంటే మొదటి రోజే పక్క ఫోల్డరు తెరిచేవాణ్ణి. నేను చూడలేదు. ఆ పెళ్ళి మళ్ళీ చూడాలనిపించలేదు. ఎందుకో నీకు తెలుసు, నీ ఉత్తరంలో నువ్వే రాశావు. నన్నొద్దన్న ఇంటి పెళ్ళికి రాత్రంతా నిచ్చెన మీద నిలబడి ఫోటోలు తీశాను. జ్యోతి కోసం తీశాను. ఆ నాలుగు వేల రెండు వందల ఫోటోల్లో ఒక్కటైనా మీ ఇంట్లో ఎవరూ చూడలేదని తెలిసి చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

నిన్న కూర్చుని మొత్తం చూశాను. 2917 నుంచి 2923 దాకా తాళి. మూడు ముళ్ళూ విడివిడిగా వచ్చాయి. జయంత్ ముఖం నిండుగా కనిపిస్తోంది, నవ్వుతున్నాడు కూడా. వెనక జ్యోతి జడ ఎత్తి పట్టుకున్నది జయంత్ వాళ్ళ అక్క. పెళ్ళి జరగలేదని కోర్టులో కాగితం మీద సంతకం పెట్టింది ఆవిడేనని జ్యోతి చెప్పింది. ఆ ఫోటో పెద్దది వేయించాను.

ఒరిజినల్ ఫైళ్ళు, కోర్టువాళ్ళు అడిగే సర్టిఫికెట్టు, ఫోటోలు లాయరు గారికి పంపించాను. చెక్కు బ్యాంకులో వేశాను. రసీదు నంబరు 118 ఇందులో పెట్టాను, పారేయకు.

నీ మేనల్లుడు,
ఉదయ్


ఎలమంచిలి,
20 డిసెంబర్ 2024.

ఒరే ఉదయ్,

ఇంతకాలం రాయలేదని ఏమీ అనుకోకు. మోకాలికి ఆపరేషనయింది. నడక నేర్పడానికి రోజూ ఒక అమ్మాయి వచ్చి "ఒకటీ, రెండూ" అని లెక్కపెడుతోంది. ఆ లెక్కకి కూడా రేటుంది. లోకమంతా నీ దారే పట్టింది.

ముందు ఒక మాట. తెల్లవారేదాకా అది బుధవారమే. మా అమ్మకి బుధవారమే, మా అమ్మమ్మకి బుధవారమే. నీ కెమెరాకి పంచాంగం తెలియకపోతే అది నా తప్పు కాదు.

ఫోటోలు చూసి జయంత్ లాయరు కొత్త పాట ఎత్తుకున్నాడట. మేం పిటిషనులో 24 అని రాశామట, ఫోటోల్లో 25 ఉందట, కాబట్టి ఇవి పెళ్ళివి కావట, ఏదో వేషాలు వేసుకుని తీయించుకున్నవట. పైగా తీసినవాడు అమ్మాయికి మేనబావట, అత్త మీద ప్రేమతో కంప్యూటర్లో తయారుచేసి ఉంటాడట. అత్త మీద ప్రేమట! ఆ మనిషికి మన ఉత్తరాలు చూపించాలి.

అందుకని నువ్వే వచ్చి సాక్ష్యం చెప్పాలని మా లాయరు గారంటున్నారు. ఫిబ్రవరి ఆరో తారీఖు. అడగడం నాకు అలవాటు లేదు, అయినా అడుగుతున్నాను. వస్తావా? నేను మెట్లెక్కలేను, జ్యోతి ఒక్కతే ఉంటుంది.

ఇంకో మాట. ఆ రసీదు సంగతి మాత్రం కోర్టులో ఎత్తకు. సొంత మేనత్త దగ్గర లెక్కగట్టి పుచ్చుకున్నాడని తెలిస్తే నలుగురూ నవ్వుతారు. నీ పరువు కోసమే చెబుతున్నాను. ఊరికే ఇచ్చానని చెప్పు, ఏం పోతుంది?

కాంతం


మధురవాడ,
14 ఫిబ్రవరి 2025.

అత్తా,

జ్యోతి ఫోన్లో చెప్పే ఉంటుంది. కాని నవ్వుతూ సగం మింగేసి ఉంటుంది, అందుకని నేను మొత్తం రాస్తున్నాను.

జయంత్ లాయరు మొదట చుట్టరికం పట్టుకున్నాడు. "ఈమె మీకు మేనత్త కూతురు కదా? ఒకప్పుడు మీకిచ్చి చేయాలనుకున్నారు కదా?" అన్నాడు. "మా నాన్న అనుకున్నారండి. ఆవిడ అనుకోలేదు" అన్నాను. వెనక ఎవరో నవ్వారు.

తర్వాత తేదీ. శుభలేఖ ఇచ్చాను. జడ్జి గారు "తెల్లవారితే గురువారం" అని పైకి చదివి, ఆ లాయరుని మీ పెళ్ళి ముహూర్తం ఎన్నింటికని అడిగారు. ఆయనదీ తెల్లవారుజామునేనట. ఆ పాట అక్కడితో ఆగింది.

ఇక ఆఖరి అస్త్రం. "మేనత్త అడిగింది, మీరు కాదనలేకపోయారు. ఊరికే ఈ ఫోటోలు తయారుచేసి ఇచ్చారు. అవునా?" అన్నాడు.

నువ్వు అవునని చెప్పమన్నావు. చెప్పి ఉంటే అక్కడే మునిగిపోయేవాళ్ళం. జేబులోంచి రసీదు నకలు తీశాను. 117 రసీదు ఎవరికి, 119 ఎవరికి, అన్నిటికీ ఒకటే రేటని పుస్తకం కూడా చూపించాను.

జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుని, "సొంత మేనత్త దగ్గర తీసుకున్నారా?" అన్నారు.

"తీసుకున్నానండి."

"ఆవిడేమీ అనలేదా?"

"చాలా అన్నారండి. ఉత్తరాలున్నాయి, పోస్టు ముద్రలతో సహా."

ఇమ్మన్నారు. మన లాయరు గారి ముఖం పాలిపోయింది. నీ జూన్ 27 ఉత్తరం, జూలై 22 ఉత్తరం జడ్జి గారు మొదటి నుంచి చివరి దాకా చదివారు. గరిటె ఖర్చు దగ్గర ఒకసారి ఆగారు. అప్పుడు ఆ లాయరు వైపు తిరిగి, "ఇంత తిట్టించుకుని, డబ్బు పుచ్చుకుని, ముందు దొరకలేదని చెక్కు తిప్పి పంపినవాడు ఈవిడ కోసం దొంగ ఫోటోలు చేస్తాడంటారా?" అన్నారు. లాయరు కూర్చున్నాడు. జయంత్ వాళ్ళక్క అప్పటికే బయటికి వెళ్ళిపోయింది.

నిన్న ఆర్డరు వచ్చింది. పెళ్ళి జరిగిందని రాశారు. నెలనెలా భరణం ఇమ్మన్నారు. జ్యోతి మెట్ల మీద కూర్చుని, "బావా, నాను ఉన్నానని రాసీసేరు" అని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, అది నీకు చెప్పి ఉండదు.

ఉదయ్


ఎలమంచిలి,
21 ఫిబ్రవరి 2025.

ఒరే నాయనా,

నా ఉత్తరాలు జడ్జి గారి చేతికిచ్చావా! బొడ్డూడని నాటి చీరల సంగతి కూడా చదివారా? ఇక నేను ఆ ఊళ్ళో బస్సు దిగగలనా? నీకు సిగ్గు లేకపోతే నాకుండదా?

తిట్టడం అయింది. ఇప్పుడు విను.

నీ రసీదు నా బిడ్డని నిలబెట్టింది. నేను చెప్పమన్న అబద్ధం దాన్ని ముంచేసేది. తేదీ తప్పు నాది. ఈ మాట రాయడానికి మూడు రోజులు పట్టింది, నాలుగు కాగితాలు చింపాను.

జ్యోతి నిన్న ఆ ఫోటోలన్నీ కంప్యూటర్లో పెట్టి చూపించింది. నాలుగు వేల రెండు వందలూ చూశాం, పొద్దున్న మొదలుపెడితే రాత్రయింది. జయంత్ ముఖం వచ్చినప్పుడల్లా నేను తిడుతూనే ఉన్నాను, అది వేరే సంగతి. ఎంత బాగా తీశావురా. జ్యోతికి కన్నీళ్ళు వచ్చేముందు తీసినది ఒకటుంది, 1106. నేను కన్నతల్లిని, పక్కనే ఉన్నాను, ఆ ముఖం చూడలేదు. నువ్వు నిచ్చెన మీంచి చూశావు. అన్నిట్లోనూ అందరూ ఉన్నారు, నువ్వొక్కడివే లేవు.

పెళ్ళిళ్ళ వెంట తిరిగేవాడికి పిల్లనివ్వనని ఆ రోజు మీ నాన్న ముందు నిన్ను నిలబెట్టి అన్నాను. ఆ మాట కూడా నువ్వు రెండు చోట్ల దాచే ఉంటావు. ఆరు నెలలకోసారి తిప్పి చూసుకుంటూ ఉంటావు. నీ పద్ధతి నాకిప్పుడు తెలిసింది. దాన్ని చెరిపేయమని రాతపూర్వకంగా అడుగుతున్నాను. దీనికేమన్నా ఫారం ఉంటే పంపు. ఎంతవుతుందో కూడా రాయి.

కాంతం


మధురవాడ,
1 మార్చి 2025.

అత్తా,

చెరపడానికి మా దగ్గర చార్జీ లేదు. దాచడానికే ఖర్చు, పదేళ్ళకి పైగా ఆ ఒక్క మాటకి నాకెంతయిందో నేను లెక్క వేయలేదు.

ఎప్పుడో పోయిందని రాద్దామనుకున్నాను. అబద్ధం చెబితే ఏమవుతుందో కోర్టులో చూశాం కదా. ఉంది. నువ్వన్నట్టే రెండు చోట్లా ఉంది.

నీ ఉత్తరం చదివాక ఒక చోట చెరిపేశాను. రెండోదానికి వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. ఈసారి కెమెరా తీసుకురాను. నాకు మొదటి బంతిలో ఆకు వెయ్యి.

ఉదయ్